చేతులెత్తండి, ఫొటో తీయాలి

ప్రజాస్వామ్యంలో మనం ప్రపంచ రికార్డు కొట్టిన సంగతి చాలామంది అప్పుడే మర్చిపోయారు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ముఖ్యమంత్రి కోనసీమలో వానపల్లి వెళ్లారు. పంచాయతీరాజ్ శాఖ చూసే ఉప ముఖ్యమంత్రి రైల్వేకోడూరు వైపు మైసూరవారిపల్లి వెళ్లారు. తర్వాత వరల్డ్ రికార్డ్స్ యూనియన్ వాళ్లు ధ్రువపత్రం తెచ్చి చేతిలో పెట్టారు. గజం పొడవు గోళ్లు పెంచినవాళ్లకూ, రోజంతా ఒంటికాలి మీద నిలబడ్డవాళ్లకూ రికార్డులిస్తారని తెలుసు. చట్టం చెయ్యమన్న పని చేసినా ఇస్తారని అప్పుడే తెలిసింది. గ్రామసభ రాజ్యాంగంలోకి ఎక్కింది 1993లో.

వెక్కిరిస్తున్నానని అనుకోకండి. ఆ సభలయ్యాక చాలా ఊళ్లలో ఉపాధి హామీ నిధులతో సిమెంటు రోడ్లు పడ్డాయి, వానాకాలంలో జనం చెప్పులు చేత్తో పట్టుకోకుండా నడుస్తున్నారు. నా బాధల్లా ఆ ధ్రువపత్రంలో ఒక గడి లేకపోవడమే. ఇన్ని వేల సభల్లో ‘వద్దు’ అన్న ఊళ్లెన్ని? ‘సరే’ అని చేతులెత్తడానికైతే సభ దేనికి? ఆ పని పెళ్లి భోజనాల దగ్గర కూడా చేస్తాం.

అసలు ఈ దేశంలో గ్రామసభంత పెద్ద చట్టసభ మరోటి లేదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు, సభ్యత్వం వచ్చేసినట్టే. టికెట్టు అడగక్కర్లేదు, బీఫారం కోసం హైదరాబాదులోనో విజయవాడలోనో పడిగాపులు కాయక్కర్లేదు, గెలిచాక రిసార్టుకు పోయే పనీ లేదు. అయిదేళ్లకోసారి మారిపోయే పదవి కూడా కాదు, చచ్చేదాకా సభ్యులమే. మస్టర్ రోల్స్ చూస్తే కొందరు ఆ తర్వాత కూడా హాజరవుతున్నారు.

ఇంత గొప్ప సభ ఎలా జరుగుతుందో తెలియాలంటే ఏ మాదిరి ఊరికైనా వెళ్లి పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చోండి. నేను కూర్చున్నాను. బల్ల మీద రిజిస్టరు, పక్కన స్టాంపు ప్యాడు, తడి గుడ్డ. రేషన్ షాపుకు వెళ్తున్న పెద్దమ్మను కార్యదర్శి కేకేశాడు.

“పెద్దమ్మా, ఇటొచ్చి ఓ వేలిముద్ర వేసి పో.”

“దేనికి నాయనా? పింఛనుకా?”

“కాదు, గ్రామసభకు.”

“ఎప్పుడుందీ?”

“అయిపోయింది.”

పెద్దమ్మ నిమిషం ఆలోచించి, “నేనేమన్నానట?” అని అడిగింది. ఆ మాట సుప్రీంకోర్టులో ఏ సీనియర్ న్యాయవాది అడిగినా పత్రికలు మొదటి పేజీలో వేసేవి. కార్యదర్శి మాత్రం తొణకలేదు. “ఒప్పుకున్నావు” అన్నాడు. ఆవిడ వేలు తడి గుడ్డకు తుడుచుకుని బియ్యానికి వెళ్లిపోయింది. రిజిస్టరులోకి తొంగిచూస్తే చివరి తీర్మానానికీ మొదటి సంతకానికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ కనిపించింది. “అదెందుకు వదిలారండీ?” అన్నాను. “మండలం నుంచి ఏమైనా వస్తే రాయాలి కదా సార్” అన్నాడు పాపం. అతన్ని తిట్టి లాభం లేదు. ఒక్కడే మనిషి. మొక్కలు నాటాలి, చెత్త బండి తిప్పాలి, ఇంటి పన్ను వసూలు చేయాలి, పైనుంచి వచ్చిన యాప్‌లన్నిటిలో ఫొటోలు పెట్టాలి. ఇన్నిటి మధ్య ప్రజాస్వామ్యం కూడా నడపమంటే మమ అనిపించక ఏం చేస్తాడు?

ప్రత్యక్ష ప్రజాస్వామ్యం కావాలని ఊరూరా తిరిగేవాళ్లంటే నాకు ఇందుకే కాస్త భయం. వాళ్లు కొత్త చట్టమేదైనా అడుగుతున్నారా అంటే అదీ కాదు. పుస్తకంలో ఉన్నదే ఊళ్లో చేయమంటున్నారు. ఇంతకన్నా తీవ్రవాదం ఏముంటుంది?

వాళ్లకు పట్టుకొమ్మ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. మన సరిహద్దు దాటితే వచ్చేస్తుంది. అక్కడ మెండా లేఖా అని ఓ గోండు ఊరుంది, మహా అయితే వంద గడపలు. “దిల్లీలో, ముంబైలో మా సర్కార్, మా ఊళ్లో మేమే సర్కార్” అనేది ఆ ఊరి నినాదం. దేవాజీ తోఫా అనే పెద్దమనిషి దశాబ్దాలుగా దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. నినాదంతో ఆగితే పర్వాలేదు, నినాదాలు మనకూ ఉన్నాయి. వాళ్లు పాటించడం మొదలెట్టారు. అక్కడ మెజారిటీ లెక్క చెల్లదు. ఒక్కరు కాదన్నా నిర్ణయం వాయిదా. ఆ ఒక్కరికి నచ్చజెప్పాలి, లేదా తామే నచ్చజెప్పించుకోవాలి. సభ కంటే ముందు చదువుకునే బృందం కూర్చుంటుంది, బయటి నుంచి తెలిసినవాళ్లను పిలిపించుకుని చట్టం ఏమంటోందో వింటుంది.

ఈ పద్ధతి మనకొస్తే ఏమవుతుందో ఊహించండి. 2014 జనవరి 30న హైదరాబాదు అసెంబ్లీలో విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిప్పికొట్టారు. ఫిబ్రవరి 18న ఢిల్లీ లోక్‌సభలో అదే బిల్లును మూజువాణి ఓటుతో గెలిపించారు, ఆ పూట టీవీ ప్రసారం కూడా ఆగిపోయింది. రాష్ట్రం కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ దేన్నీ ఒప్పుకోరు గానీ, రెండుచోట్లా పనికొచ్చింది గొంతేనన్న సంగతి ఇద్దరికీ తెలుసు. అలాంటి దేశంలో వంద గడపల ఊరు, ‘ఒక్కరు కాదన్నా ఆగుదాం’ అంటోంది. అసెంబ్లీలు ఏం కావాలి?

2009లో అటవీ హక్కుల చట్టం కింద దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద ఆ ఊరికి సాముదాయక హక్కు వచ్చింది. హక్కిచ్చారు గానీ వెదురు కోసి అమ్ముకోవడానికి అటవీశాఖ రవాణా పర్మిట్ ఇవ్వలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. చివరికి 2011లో కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఊరికొచ్చి పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి ఇవ్వాల్సి వచ్చింది. వెదురు బొంగు ఊరు దాటడానికి కేంద్రమంత్రి కావాలంటే, ఊరి మాట ఢిల్లీ చేరడానికి ఎవరు కావాలో లెక్క కట్టుకోండి.

ఆదిలాబాద్ గోండు గూడేల్లోనూ “మావ నాటే, మావ రాజ్” వినపడుతూనే ఉంది. మా ఊళ్లో మా రాజ్యం అని. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు పెద్దపీట వేసే పీసా చట్టం 1996 డిసెంబరులో వచ్చింది. దాన్ని ఎలా అమలు చేయాలో చెప్పే నియమాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చాయి. తొందరపడి ప్రజలకు అధికారమిచ్చేశారన్న అపవాదు మనవాళ్ల మీద ఎప్పుడూ లేదు.

‘జనానికి వదిలేస్తే ఖజానా ఊడ్చేస్తారండీ, ఫ్రీగా ఏదడిగినా చేతులెత్తేస్తారు’ అని ఎన్నికల్లో ఫ్రీగా అన్నీ ఇస్తామని గెలిచినవాళ్లే నాతో అంటుంటారు. అది నిజమో కాదో స్విట్జర్లాండ్ వాళ్లనడగాలి. మన సినిమావాళ్లు అక్కణ్నుంచి మంచునూ ఆవులనూ రైళ్లనూ తెచ్చారు గానీ, గ్లారస్ ఊరి మైదానంలో ఏటా మే నెలలో జనం గుమిగూడి ఓటు కార్డులెత్తే సభను ఒక్క పాటలోనూ చూపించలేదు. హీరోయిన్ షిఫాన్ చీరలో అటు పరిగెత్తి ఉంటే మనకు రాజనీతి శాస్త్రం కొంచెం వంటబట్టేది. అక్కడ పద్దెనిమిది నెలల్లో లక్ష సంతకాలు తెస్తే రాజ్యాంగ సవరణ మీదే దేశమంతా ఓటింగ్. 2012లో ఏడాదికి ఆరు వారాల సెలవు అందరికీ ఇద్దామా అంటే మూడింట రెండొంతుల మంది వద్దన్నారు! సెలవు వద్దన్నవాళ్లను సచివాలయంలో ఒక్క రోజు కూర్చోబెట్టి చూపిస్తే ఎన్ని టికెట్లు అమ్ముడుపోతాయో. కొమ్ములు కోయకుండా ఆవుల్ని పెంచే రైతులకు డబ్బులివ్వాలా అని 2018లో ఓటేశారు, అదీ ఓడిపోయింది. అలాగని సన్యాసులేం కారు, 2024 మార్చిలో ముసలివాళ్లకు పదమూడో నెల పింఛను కావాలని గెలిపించుకున్నారు. అడగ్గా అడగ్గా జనానికి లెక్క చూసే అలవాటు వస్తుంది కాబోలు. మనల్ని అడిగి చూసిందెవరు?

ఇక్కడ ఉద్యమకారులకు చేదుగా ఉండే మాట కూడా చెప్పాలి. ఆ స్విట్జర్లాండ్‌లోనే అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్‌లో 1990 దాకా ఆడవాళ్లకు కాంటన్ వ్యవహారాల్లో ఓటు లేదు. ఇద్దామా అని ఆ ఏడాది ఏప్రిల్‌లో మగవాళ్లు మైదానంలో నిలబడి చేతులెత్తి వద్దన్నారు. నవంబరులో ఫెడరల్ కోర్టు మొట్టికాయ వేస్తే గానీ దిగిరాలేదు. మనకూ అలాంటి మైదానాలకు కొదవ లేదు. ఉత్తర తెలంగాణలో గ్రామాభివృద్ధి కమిటీలనే పెద్దమనుషులు ఊరి పేరు చెప్పి బెల్టుషాపులు వేలం వేస్తారు, ఎదురు తిరిగిన కులాన్ని వెలేస్తారు. అందులోనూ ‘ఊరంతా ఒక్క మాటే’. సర్పంచి పదవినే వేలం వేసి ఏకగ్రీవం అనిపించిన ఊళ్లున్నాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవాలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా బహుమతి పెట్టింది. మెండా లేఖాలో ఒకే మాట రావడానికి చివరి మనిషిదాకా మాట్లాడతారు. మన దగ్గర చివరి మనిషి చేత నామినేషన్ విత్‌డ్రా చేయిస్తారు.

మధ్యప్రదేశ్ చట్టంలో ఒక మంచి సరదా ఉంది. మున్సిపల్ చైర్మన్ మీద జనానికి మొహం మొత్తితే వెనక్కి పిలవచ్చు. ఆ ఓటింగులో గుర్తులు రెండే: మనిషి కూర్చున్న కుర్చీ, ఖాళీ కుర్చీ. ఖాళీ కుర్చీ గెలిచిన సందర్భాలున్నాయి. దాన్ని మన రాష్ట్రాలకూ తెమ్మని ఏ పార్టీ అయినా మేనిఫెస్టోలో పెడితే మొదటి ఓటు నాదే. ఖాళీ కుర్చీ మీద ఇప్పటివరకు ఒక్క అవినీతి ఆరోపణా లేదు.

ఇక ‘వద్దు’ విషయానికొద్దాం. ఒడిశాలో, మన శ్రీకాకుళానికి ఆవల, నియమగిరి కొండలున్నాయి. కొండ నిండా బాక్సైటు. తవ్వడానికి అనుమతి రాకముందే కింద లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ శుద్ధి కర్మాగారం కట్టేసుకుంది. పిల్ల ఒప్పుకోకముందే పందిరి వేశారన్నమాట. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కొండను దేవుడిగా కొలిచే డోంగ్రియా కోందుల గ్రామసభలనే అడగండి అంది. కొండల్లో ఊళ్లు చాలానే ఉన్నా రాష్ట్ర ప్రభుత్వం పన్నెండు ఎంచుకుంది. పన్నెండైతే నచ్చజెప్పడం తేలికనుకున్నారేమో. జులై, ఆగస్టుల్లో న్యాయాధికారులు కొండెక్కి కూర్చుని సభలు జరిపించారు. పన్నెండుకు పన్నెండు ఊళ్లు వద్దన్నాయి. రిజిస్టరులో నాలుగు వేళ్ల ఖాళీ వదలడానికి ఎవరికీ సందు దొరకలేదు.

ఆ తర్వాతే అసలు కథ. 2016లో ఒడిశా ప్రభుత్వ మైనింగ్ కార్పొరేషన్ మళ్లీ సుప్రీంకోర్టుకెళ్లి, గ్రామసభలు ఇంకోసారి పెట్టనివ్వండి అని అడిగింది. జనాభిప్రాయం మారి ఉండొచ్చట. కోర్టు కుదరదంది. అయినా ప్రజల మనసు మళ్లీ మళ్లీ తెలుసుకోవాలన్న ఆ ఆరాటం చూస్తే ముచ్చటేస్తుంది. అందులో పిసరంత మన తెలంగాణకు అప్పు తెచ్చుకోవాల్సింది. ఇక్కడ సర్పంచుల పదవీకాలం 2024 జనవరితో ముగిస్తే, ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. దాదాపు రెండేళ్లు ఊళ్లను ప్రత్యేకాధికారులు ఏలారు.

మరి మధ్యలో గ్రామసభలు ఆగాయా అంటే, ఎందుకాగుతాయి? 2025 జనవరిలో నాలుగు రోజులపాటు రాష్ట్రమంతా నిర్వహించారు. ప్రత్యేకాధికారి కూర్చున్నాడు, ఇందిరమ్మ ఇళ్లకూ రేషన్ కార్డులకూ ఎంపికైనవారి జాబితాలు చదివారు. తమ పేర్లు లేవని చాలా ఊళ్లలో జనం లేచి నిలదీశారు. బందోబస్తుకొచ్చిన పోలీసులు అటూ ఇటూ సర్దారు. ఇది తుది జాబితా కాదు, పేరు లేనివాళ్లు ఇక్కడే దరఖాస్తు పెట్టుకోండి అని మంత్రులు ప్రకటించారు. అంతకు ఏడాది ముందు ప్రజాపాలన పేరుతో అవే కోరికల మీద దరఖాస్తులిచ్చినవాళ్లు మళ్లీ కాగితం కొని, మళ్లీ రాయించుకుని, లైన్లో నిలబడ్డారు. రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద సభ కొలువుదీరిన పూట, దాని గౌరవ సభ్యులందరూ ఆధార్ జిరాక్సులు పట్టుకుని తమ సభకు తామే అర్జీ పెట్టుకున్నారు. రసీదు మాత్రం ప్రత్యేకాధికారి ఇచ్చాడు.