ఒంటి పాంకోడు

నేను కుడికాలి పాంకోడును. వేళ్ల మధ్య పట్టుకునే గుబ్బ అరిగి అరిగి రేగ్గింజంత మిగిలింది. మడమ దగ్గర చిన్న పల్లం. నన్ను తొడుక్కున్న మనిషి బరువంతా అక్కడే పడేది. పాలకొండల ఎర్రచందనం చెక్కతో చేశారు నన్ను. ఇవాళ ఆ మాట పైకి అనాలంటే చుట్టూ చూసుకోవాల్సిందే, ఫారెస్టోళ్లు వింటే కేసు.

ప్రస్తుతం నా మకాం కుందూ ఒడ్డున ఓ పల్లె చర్చి వరండా. కడప బండ మీద తెల్ల తువ్వాలు పరిచి ప్రదర్శనకు కూర్చోబెట్టారు. ఒక పక్క తుప్పు పట్టిన చేతిగంట, ఇంకో పక్క అట్టలూడిన పాటల పుస్తకం. పిలకాయలు చార్టులు రాసి గోడకు అంటించారు. మొదటి చార్టు ఈజిప్టు ఎడారిది. 356లో కన్నుమూసిన ఆంతోనీ, ఆయన దారిలో ఈతాకు చాపలల్లుకుంటూ ప్రార్థన చేసుకున్న తొలి క్రైస్తవ సన్యాసులు. రెండో చార్టు మా సీమది. దాని కింద నేను: ‘క్రైస్తవ సన్యాసి పాంకోడు, సుమారు 300 ఏళ్ల నాటిది’. చదివినవాళ్లలో సగం మంది నవ్వుతున్నారు. ఫాదర్లకు పాంకోళ్లేంది?

నవ్వేవాళ్లను తప్పు పట్టను. కానీ ఆ రాత నిజమే. 1606లో మదురై చేరిన ఇటలీ దేశస్థుడు రాబర్ట్ డి నోబిలి కాషాయం కట్టి, తత్త్వబోధక స్వామి అనిపించుకున్నాడు. ఆయన బాటలోనే ఫ్రాన్సు నుంచి యేసు సభ ఫాదర్లు పుదుచ్చేరిలో దిగి, 1702 ప్రాంతంలో పుంగనూరుకు, అక్కణ్నుంచి చిక్కబళ్లాపురం, కృష్ణాపురం దాకా వచ్చారు. కాషాయం, కమండలం, కాళ్లకు మాలాంటి పాంకోళ్లు. మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు, సారా లేదు. పొద్దుకు ఒకపూట అన్నం, కూరాకు. నన్ను తొడుక్కున్న మా స్వామి మొదటి నెలంతా గుబ్బ ఒరుసుకుని వేళ్ల సందున పుండ్లతో కుంటుతూ నడిచాడు. నన్ను చేతపట్టుకుని వట్టికాళ్లతో నడుద్దామంటే ఎండకు నేల పెనంలా కాలేది.

చదువులో మాత్రం వాళ్లకు వంక పెట్టలేం. లె గాక్ అనే ఫాదరు తెలుగు మాటలకు ఫ్రెంచిలో నిఘంటువు కట్టాడు. కాల్మెట్ అనే ఆయన 1730ల్లో వేదాలను తెలుగు లిపిలో రాయించి పారిసులో రాజుగారి గ్రంథాలయానికి పంపాడు. కేర్దూ అని ఇంకో ఆయన, బట్టల మీద బొమ్మలేసే అద్దకం పనివాళ్ల దగ్గర కూర్చుని, కరక్కాయ ఎప్పుడు పెట్టాలి, రంగు ఎట్లా నిలుస్తుంది అని అడిగి తెలుసుకుని 1742లో ఉత్తరం రాశాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ చుట్టరికం ఉందని 1767లోనే పారిసు పండితులకు రాసిందీ ఆయనే. విలియం జోన్స్ ఆ మాట అనడానికి ఇంకా 19 ఏళ్లుంది. కేర్దూ రాసింది 1808 దాకా అచ్చు కాలేదు, పేరు మాత్రం జోన్స్‌కు పోయింది.

పిలకాయలు ఇవన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. ఒక్కటి రాయలేదు.

నిన్న మధ్యాహ్నం ఒక అవ్వ వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని నా ముందు నిలబడి, పిలకాయల సారును అడిగింది.

“ఇది యాడిది సారూ?”

“తొలినాటి ఫాదర్లది అవ్వా. మూడొందల ఏండ్ల కిందటిది.”

“అయితే మన ఇండ్ల కాడికి వచ్చినాడా ఆయప్ప?”

సారు చార్టు వైపు చూశాడు. అందులో జవాబు లేదు.

నాకు తెలుసు. రాలేదు. పై కులాలవాళ్లు వింటారన్న ఆశతో సన్యాసి వేషం కట్టారు. ఆ వేషం నిలబడాలంటే మాలపల్లె, మాదిగపల్లె గడప తొక్కకూడదు. వంటవాడు కూడా పై కులంవాడే కావాలి. పోపుగారి దూత టూర్నాన్ పుదుచ్చేరికి వచ్చి, 1704లో జబ్బుపడ్డ పంచముల ఇళ్లకు ఫాదర్లు వెళ్లి తీరాలని ఆజ్ఞ రాశాడు. నలభై ఏళ్లు వాదులాడుకున్నారు. 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్టు గట్టిగా రాస్తే, పంచముల కోసం వేరే ఫాదర్లను పెట్టారు. అంటే అప్పటికీ వేరే! మా స్వామి మంచివాడే. కానీ పల్లె మలుపు దగ్గర ఆయన అడుగు ఆగడం నా మడమకు గుర్తుంది.

1773లో పోపు యేసు సభనే రద్దు చేశాడు. మా స్వామి అంతకు ముందే పోయాడు. ఆయన ఉపదేశి నన్ను మూటగట్టి ఇంటికి తీసుకుపోయాడు. ఆ ఇంటి తర్వాతి తరాలవాళ్లు ధాత నామ సంవత్సరపు కరువులో బిందెలు, తలుపులు కూడా అమ్ముకున్నారు గానీ నన్ను అమ్మలేదు. ఎవరు కొంటారు, ఒంటి పాంకోడును? ఈ పల్లెవాళ్లకు క్రీస్తు సంగతి చెప్పింది మా కాషాయాలు కాదు. 1822లో కడపకు వచ్చిన లండన్ మిషన్, ఆ తర్వాత నంద్యాల, ముత్యాలపాడు వైపు పనిచేసిన ఇంగ్లండు మిషన్ దొరలు.

“ముట్టుకుంటే ఏమన్నా అయితాదా?” అంది అవ్వ.

“ఏం కాదవ్వా.”

అరచేతిలోకి తీసుకుంది. తిరగేసి చూసింది, గోటితో గీకి వాసన చూసింది. తర్వాత నేల మీద పెట్టి తన కాలు నా మీద మోపింది. వేళ్లు గుబ్బను అందుకోలేదు. మడమ పల్లంలో సరిగ్గా కూర్చుంది.

“ఒగటే ఉండాదే, ఎట్ల నడిచేది?” అని నన్ను మళ్లీ తువ్వాలు మీద పెట్టి వెళ్లిపోయింది.

నాదీ అదే మాట. మీ ఇంటి అటక మీద గానీ, పాత పెట్టెలో గానీ ఎర్రచందనం పాంకోడు ఒకటి పడి ఉంటే చూడండి. ఎడమకాలిది. ఆదివారం సాయంత్రం దాకా నేను ఈ వరండాలోనే ఉంటాను.