మారు అన్నం లెక్క

బేగంబజార్‌లో స్టీలు సామాను తూకానికి అమ్ముతారు. గిన్నెలు, మూతలు, బేసిన్లతో కలిపి నన్నూ కాటా మీద పడేసి, ఆటోలో చైతన్యపురికి తోలారు. దిగింది ఒక అబ్బాయిల హాస్టల్ మెస్సులో. అన్నం వడ్డించే హస్తాన్ని నేను. కూర గరిటెలకు రోజుకో రుచి. నాకు మాత్రం ఆదివారం తప్ప రెండు పూటలా తెల్లన్నమే. అయితేనేం, ఎవడి కడుపు ఎప్పుడు నిండిందో ఈ మెస్సులో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

మెట్రో పిల్లర్లకు రెండు సందులు లోపలికి మా హాస్టల్. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటకు రైలు మొదలయ్యాక, అక్కడ కోర్సులు నేర్చుకుంటూ ఇక్కడ ఉండేవాళ్లూ వచ్చి చేరారు. మిగతా అంతా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలే. గ్రూప్స్, బ్యాంకు, కానిస్టేబుల్. నల్లగొండ, సూర్యాపేట బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగినవాళ్లు ఎక్కువ.

మొదటి వడ్డన చూసి ఎవరి ఆకలినీ అంచనా కట్టకూడదు. అది అలవాటు. ప్లేటు చాపగానే వంట మాస్టర్ నన్ను రెండుసార్లు ముంచి తీస్తాడు, సన్నగా ఉన్నవాడికైనా బొద్దుగా ఉన్నవాడికైనా అంతే. అసలు సంగతి మారు అన్నంలో ఉంది. వాడు మళ్లీ వచ్చాడా, వస్తే ఎంత వేయమన్నాడు అన్నది చూడాలి. అన్నం రోజూ ఒకటే అయినా మారు మాత్రం రోజూ ఒకలా ఉండదు. పక్కన ఏం పెట్టారన్న దాన్ని బట్టి పోతుంది.

కందిపప్పు ధర పెరిగిన నెలలో పప్పులో నీళ్లు పెరుగుతాయి. ఒకరోజు ఒకడు ప్లేటు వంచి చూపించాడు. పసుప్పచ్చని నీళ్లు అన్నం కిందనుంచి జారి అంచు దాకా పారాయి. మిగిలినవి రెండు టమాటా తొక్కలు, ఒక ఎండుమిరపకాయ.

"అన్నా, పప్పుల పప్పేది?"

"అడుగుకు పోయింది తమ్మీ, ఆగు, కలుపుత."

కలిపినా ఏం తేలలేదు. ఆ పూట నాకు ఊపిరాడలేదు. పప్పు ముద్దగా ఉన్న రోజు ఒక్క మారుతో లేచిపోయేవాళ్లు కూడా మూడోసారి వరసలో నిలబడ్డారు.

ఎందుకిలా అన్నది నాకు మూల బల్ల కుర్రాడి వల్ల తెలిసింది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పరీక్షకు చదువుతున్నాడు. తింటూ పైకి చదవడం వాడి అలవాటు. నా చదువంతా వాడి నోట విన్నదే. సింప్సన్, రాబెన్‌హైమర్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు మిడతల తిండి మీద పనిచేసి, 2005లో మనుషుల గురించీ ఒక ప్రతిపాదన చేశారట. ఒంటికి ప్రొటీన్ లెక్క పట్టింపు ఎక్కువ. తిండిలో అది పలచబడితే, లోటు పూడేదాకా మిగతా తిండిని ఎక్కువగా తినిపిస్తుందట. మిడత సంగతి నాకు తెలియదు గానీ, నీళ్ల పప్పు రోజున మా వరస మాత్రం అచ్చం అలాగే నడిచింది. కందిపప్పులో మిగిలించింది బియ్యం బస్తాలో పోతోందని ఓనర్ సారుకు ఎవరు చెప్పాలి?

కుర్రాడు చదివినవాటిలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సంగతీ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకని పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. 2024లో ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు తినే కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన దగ్గర అది 50 నుంచి 70 దాకా ఉంటోంది. పప్పులు, మాంసం, చేపలు కలిపి 14 శాతం ఉండాల్సిన చోట 6 నుంచి 9 మించడం లేదు. ఈ అంకెలు విని గర్వపడాలో సిగ్గుపడాలో నాకు తోచలేదు. ధాన్యం మోసేది నేనే కదా!

ఏ తిండి ఎంత కడుపు నింపుతుందో కొలిచినవాళ్లూ ఉన్నారు. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం 38 రకాల తిండిని 240 కేలరీల చొప్పున పెట్టి, రెండు గంటల పాటు ఎవరికెంత కడుపు నిండినట్టుందో అడిగి రాసుకుందట. తెల్ల బ్రెడ్డుకు 100 మార్కులనుకుంటే తెల్లన్నానికి 138, గుడ్లకు 150, వెన్న దట్టించి చేసే క్రాసాంకు 47. అన్నిటికంటే పైన ఉన్నది ఉడికించిన ఆలుగడ్డ, 323. ఇది విని మాస్టర్ ఎగిరి గంతేసి, "ఇగ రోజూ ఆలుగడ్డే" అన్నాడు. సిడ్నీలో ఉడకబెట్టారు, ఈయన మూకుడు నిండా నూనె పోసి ఎర్రగా వేయిస్తాడు. ఆ వేపుడు ఉన్న రోజు చారన్నంలోకి నంజుకోవడానికని మారు మీద మారు.

కొందరు బరువు తగ్గాలని తినే ముందు రెండు గ్లాసులు నీళ్లు తాగి వస్తారు. బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్త అమెరికాలో 24 మంది ఆడవాళ్లకు భోజనానికి ముందు చికెన్, అన్నం కలిపి వండిన వంటకం పెట్టి చూశారు. వంటకం ఒక్కటే పెట్టినా, పక్కన గ్లాసుతో నీళ్లిచ్చినా పెద్ద తేడా రాలేదు. అవే నీళ్లు అందులో పోసి సూపుగా కాచి పెడితే మాత్రం తర్వాతి భోజనం తగ్గింది. 1999 నాటి మాట ఇది. సరూర్‌నగర్ రైతుబజార్ నుంచి సొరకాయలు, ములక్కాడలు దండిగా వచ్చి సాంబారు ముక్కలతో నిండిన రోజున నాకు పని తగ్గడం నేనూ చూశాను. ముక్క నమలాలి, ములక్కాడ చీకాలి; ఈలోగా పొట్ట గోడలు సాగిన కబురు, పేగులు పంపే హార్మోన్ల కబురు మెదడుకు చేరుతుంది. ఉత్త చారుకు ఆ ఆలస్యం లేదు. అన్నం నమలకుండానే గొంతు దిగిపోతుంది, కబురు చేరేలోపు కుర్రాడు మళ్లీ నా ముందుంటాడు. క్లాసుకు వేళైందని నిలబడి తినేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

రాత్రి మెస్సు మూసాక నూడుల్స్ బండికి పోయేవాళ్ల లెక్క నాకందదు. మూల బల్ల కుర్రాడు మాత్రం 2019లో అమెరికాలో కెవిన్ హాల్ చేసిన ప్రయోగం చదివి వినిపించాడు. 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట, రెండూ ఇష్టమున్నంత తినమని పెడితే, ఫ్యాక్టరీ తిండి మీద రోజుకు 500 కేలరీల దాకా ఎక్కువ తిన్నారట. విన్నవాడొకడు చిప్స్ పొట్లం దిండు కింద దాచాడని తర్వాత చెప్పుకున్నారు.

ఈమధ్య ఓనర్ సారు దిగొచ్చాడు. బస్తా త్వరగా ఖాళీ అవుతోందని ఆయనే అడిగితే, కుర్రాడు కాగితం మీద రాసిచ్చాడు: పప్పు చిక్కగా, వారానికి రెండుసార్లు అలసందలు, సాంబారులో ముక్కలు, వేపుడు నెలకోసారి. సారు బేరమాడి అలసందలు ఒక్కసారికి తెచ్చి మిగతాదానికి ఒప్పుకున్నాడు. కుర్రాడు ఉత్సాహంగా ఆదివారం బగారా అన్నం, చికెన్ మీదకు వచ్చాడు. ఆ రోజు కడుపు నిండిందన్నవాడే డబల్‌కా మీఠాకు మళ్లీ గిన్నె పట్టుకొస్తాడని, ఒక రుచి మొహం మొత్తినా కొత్త రుచికి ఆకలి లేస్తుందని చెప్పబోయాడు. మాస్టర్ నన్ను గుండిగ అంచుకు టంగున కొట్టాడు.

"ఆదివారం జోలికి రాకు తమ్మీ. ఆ రోజు ఆకలై ఎవడు తింటడు?"