ఫ్రెంచ్ ప్రెస్సును బళ్లారి దారికి తేవడం ఎలా?

బెంగళూరులో ఉద్యోగం చేసే అమ్మాయో అల్లుడో పండక్కి వస్తూ ఆ గాజు కూజా తెస్తారు. ఇచ్చి ఊరుకోరు, పాఠం కూడా చెబుతారు: రవ్వలా మరపట్టిన పొడి 20 గ్రాములు, నీళ్లు 300 మిల్లీలీటర్లు, నాలుగు నిమిషాలు. తల ఊపండి. వాళ్ల రైలు కదలగానే నేను చెప్పినట్టు చేయండి.

రవ్వ పొడి వేస్తే కాఫీ తేటగా దిగుతుంది. తేటగా ఉన్నదాన్ని మన వీధిలో ఎవరూ కాఫీ అనరు. ఇత్తడి ఫిల్టరుకు వాడే మెత్తటి పొడే వేయండి, చికోరీ మూడో వంతుకు తగ్గకుండా. చికోరీలో కెఫీన్ ఉండదు కాబట్టి రాత్రి పదింటికైనా తాగొచ్చని చుట్టాలకు చెప్పండి. తక్కిన రెండు వంతుల సంగతి ఎత్తకండి.

నీళ్లు మరిగించి, దించి, అర నిమిషం ఆగాలట. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లతో చెయ్యి కడుక్కున్నవాళ్లెవరూ బళ్లారిలో మళ్లీ గ్యాస్ వెలిగించరు. బోరు నీళ్లయితే మరీ మంచిది. గిన్నె అడుగున తెల్లగా పేరుకునే సున్నం ఒంటికి బలం.

ఎంత పొడికి ఎన్ని నీళ్లన్నది ఇంట్లో తేలే మాట కాదు. 1953లో బళ్లారి తాలూకా ఆంధ్రకా మైసూరుకా అని తేల్చడానికి జస్టిస్ మిశ్రాను వేయాల్సొచ్చింది. అక్టోబరు 1న మనం మైసూరులో కలిశాం. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి. ఆదోని కోడలు చిక్కగా కావాలంటుంది, సండూరు మామగారు పలచగా అంటారు. పొద్దున ముందు లేచినవాళ్లదే కమిషన్ తీర్పు. ఆ మాటకొస్తే ప్రెస్సుదీ సరిహద్దు తగాదాయే: పేరు ఫ్రెంచివాళ్లది, 1929 నాటి పేటెంటు కాలిమాని, మొనేటా అనే ఇటలీవాళ్లది.

నాలుగు నిమిషాలకు నొక్కి వెంటనే వంచేయకపోతే చేదు దిగుతూనే ఉంటుందని భయపెడతారు. మన డికాక్షన్ రాత్రి పోస్తే తెల్లారేదాకా దిగడం లేదా? దీన్నీ రాత్రే నింపి పడుకోండి. ఫిల్టర్లో డికాక్షన్ కిందికి జారిపోతుంది, పొడి పైనే ఉండిపోతుంది, ఇక్కడ రెండూ కలిసే నానతాయని పిల్లలు వాదిస్తారు. ఉమ్మడి కుటుంబం అంటే తెలియని పిల్లలు.

ఇక నొక్కడం. మెత్తటి పొడి జల్లెడ కన్నాలన్నీ మూసేస్తుంది కాబట్టి కడ్డీ సగంలో ఆగుతుంది. బెదరకండి. కూజాను నేల మీద పెట్టి, పీట మీద కూర్చుని, రెండు అరచేతులూ ఆనించి బరువంతా వేయండి. ముందు సుయ్‌మని సన్నటి చప్పుడు. తర్వాత జల్లెడ అంచు పక్కనుంచి నల్లటి బురద చివ్వున లేచి, మోచేతి మీదుగా గోడ మీది క్యాలెండర్‌కు కొడుతుంది. ఏకాదశి ఏ రోజో ఇక కనపడదు, ఉపవాసం తప్పుతుంది. రాత్రిది కాబట్టి చెయ్యి కాలదు. రాత్రే నింపమన్నది ఇందుకే.

చల్లారిన కూజాను అలాగే స్టవ్ మీద పెట్టమనేవాళ్లున్నారు. గాజు పగులుతుంది. అంత తెలివితక్కువ సలహాలు నేనివ్వను. పాలు కాచి అందులోనే పోసి ఇంకోసారి నొక్కండి. మీగడ జల్లెడకు పట్టేస్తే వడపోత ఇంకా గట్టిపడుతుంది.

జల్లెడ విప్పి కడగొద్దు, బిగించేటప్పుడు ఒక ముక్క తప్పకుండా మిగులుతుంది. పొడి ముద్దను సింకులో వేసేయండి. రెండో వారానికల్లా ప్లంబర్ వస్తాడు. ఆయనకు ఉగ్గాని, మిరపకాయ బజ్జి పెట్టి, ఇత్తడి ఫిల్టర్ కాఫీ ఇవ్వండి. ఈ కూజా కాఫీ ఇచ్చారంటే మళ్లీ పిలిచినా రాడు.