పద్మశాలీల పటము చెప్పుకొన్న కథ

నా గుడ్డ మెట్‌పల్లి ఖద్దరు. నా రంగులు చేర్యాల నకాషీ చిత్రకారులవి. నాకు నోరిచ్చినవారు ఆ కథ చెప్పు కూనపులివారు. పద్మశాలీల కులపురాణమును మోయుచు, వారికి వంశహక్కుగా నున్న మిరాశీగ్రామములు తిరుగుటయే నా వృత్తి.

మగ్గము దిగివచ్చిన ముతకగుడ్డను నకాషీయింటి వాకిట పఱచి, ఉడికిన చింతగింజల అంబలిలో సుద్దమట్టియు చెట్టుబంకయు కలిపి, ఒక పూత ఆఱినపిదప మఱియొకటిగా ముమ్మాఱు పూసి నునుపు చేసినపిమ్మట, ఉడుతవెండ్రుకల కుంచె నాపై విఘ్నేశ్వరునితో నడక ప్రారంభించి, గడి వెంట గడిగా దిగివచ్చి, నేపథ్యమునంతయు ఎఱుపుతో నింపినది. అయినను బొమ్మలకు కన్నులు లేవు. కూనపులివారు మంచిదినము చూచుకొని వచ్చి పూజ సలిపిన తరువాతనే నకాషీ వానికి చూపు నిచ్చెను.

మార్కండేయుని కులమున భావనాఋషి అవతరించుట, తామరతూండ్ల దారముతో దేవతలకు వస్త్రములు నేయుట, సూర్యపుత్రి భద్రావతిని పరిణయమాడుట, పులి ఆయనకు వాహనమగుట: ఇవి నాయందలి ముఖ్యఘట్టములు. గడికిని గడికిని నడుమ పూలతీగల అంచు కలదు. నా ప్రాణము ఆ అంచులోనే యున్నదని నేను నమ్ముదును. ఏలయన అచ్చట చిత్రకారుడు ఆగిపోవును, కథకుడు బయలుదేఱును. ఒక రాత్రి మెట్‌పల్లి పద్మశాలివాడలో, కథకుడు కఱ్ఱతో తామరదారపు గడిని చూపుచుండగా, ముందువరుసలో కూర్చున్న ముసలమ్మ, "పోగు తెగితె రుషి ఏంజేసిండు బిడ్డా?" అని యడిగినది. అతడు తాళము నాపక, "నీ లెక్కనే అతికిండవ్వా" అనెను. అట్టి బొమ్మ నాపై లేదు. కాని నాటినుండి ఆ మాట ప్రతి యూరను ఆ గడివద్ద వినవచ్చుచున్నది. సిరిసిల్లలో మరమగ్గముల మ్రోతనడుమ అదే ఋషి కూలిరేట్ల గూర్చియు మాటలాడెను.

కళాకారులు జానపదకథలను మరల మరల ఆశ్రయించుటకు ప్రాచీనతపై గౌరవమే కారణమని పెద్దలందురు. నా యెఱుకలో కారణము వేఱు. ఆ కథలు సగము చెప్పి, తక్కిన సగమును వినువానికి విడిచిపెట్టును. అట్టి వినువారిలో ఒకడు, ఈ సీమలోనే బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠము, బాల్యమున ఊరికి వచ్చిన నాటకబృందములలో స్త్రీవేషము ధరించిన పురుషులను చూచి ముగ్ధుడైనవాడు. ఆ వేషముల నిండుదనము పెద్దబొట్టులతో, గాఢవర్ణములతో ఆయన చిత్రించిన తెలంగాణస్త్రీలయందు నేటికిని నిలిచియున్నది. వేములవాడ చేరువనున్న హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డికి సినీకవిగా పేరు తెచ్చిన 1962నాటి ‘గులేబకావళి కథ’ జానపదచిత్రమే. పారసీక, ఉర్దూ గ్రంథములలో మెలగిన ఆ కథ, ఒగ్గుకథకుడు మిద్దె రాములు పుట్టిన ఆ హనుమాజీపేటవాని పాటతో తెలుగువెండితెరపై విరిసినదని తలచినప్పుడెల్ల నా ఒడలు పులకరించును.

ఇప్పుడు చేర్యాలలో ఒక్కొక్క గడినే విడిగా గీసి, చట్రము బిగించి విక్రయించుచున్నారు. అది నకాషీకి అన్నము పెట్టుచున్నది గనుక నేను దానిని దూషింపను. అయినను ముందొక గడియు వెనుకనొక గడియు లేని బొమ్మను చూచినప్పుడు నాకు దిగులు కలుగును. దానిని తగిలించిన గోడయెదుట ఏ ముసలమ్మయు ప్రశ్న వేయదు.

జీర్ణించిన పటమును పూజించి నదికి సమర్పించుట మా ఆచారము. హైదరాబాదులోని జగదీశ్ కమలా మిత్తల్ సంగ్రహాలయమున చేరిన నా జ్ఞాతులు కొందఱు ఆ ప్రవాహమును తప్పించుకొని, పండితులకు మా వంశచరిత్రను తెలుపుచున్నారు, అదియును మంచిదే. నన్ను గోదావరికి ఇచ్చినను, అద్దపుబీరువాలో ఉంచినను నాకు సమ్మతమే. కాని నా స్థానమున క్రొత్తపటము వ్రాయించునాడు, తామరదారపు గడికి దిగువన, పోగు అతుకుచున్న భావనాఋషిని ఒక గడిలోను, మరమగ్గమును వేఱొక గడిలోను నకాషీచే గీయింపుడు. మెట్‌పల్లి, సిరిసిల్ల వాడలవారు వానిని అడుగక మానరు.