ఎఫ్‌డీలో సొమ్ము, సముద్రంలో మురుగు

దాదర్ చౌపాటీకి వెళ్లే ప్రతి తెలుగువాడూ ముంబై మున్సిపాలిటీకి ఓ దండం పెట్టాలి. వాననీటి కాలవ సముద్రంలో కలిసే చోట 2022లో వాళ్లు వ్యూయింగ్ డెక్ కట్టారు. పైన సెల్ఫీలు, సూర్యాస్తమయం. కింద కాలవ. నడి వేసవిలోనూ ఆ వాననీటి కాలవ ఎండదు. చుక్క వాన లేని రోజున అందులో పారేదేమిటో ఎవరినీ అడగక్కర్లేదు, ముక్కుంటే చాలు.

పాపం డబ్బుల్లేవేమో అనుకునేరు. దేశంలోకెల్లా షావుకారు కార్పొరేషన్ ఇది. 2022 నాటికి ఫిక్స్‌డ్ డిపాజిట్లే 90 వేల కోట్ల పైమాట. ఆరు శాతం వడ్డీ వేసుకున్నా ఏటా 5,400 కోట్లు. అందులో పీఎఫ్, పింఛన్ల సొమ్మూ ఉందంటారు. ఉండనివ్వండి, తీసేసి లెక్కేయండి. మిగిలింది చాలు.

మనమేమైనా ఎగ్గొట్టామా? నీటి చార్జీ వంద రూపాయలైతే, దాని మీద మురుగు చార్జీ డెబ్బై. ఈ ఊరి బురద పల్లాలు పూడ్చిన మన తెలుగు కామాఠీ కూలీల మునిమనవలు సండాస్ ముందు క్యూ కట్టి మరీ ఆ డెబ్బై కడుతున్నారు.

అది తీసుకుని వర్లీలో చేసే 'శుద్ధి' చూడండి: మురుగును జల్లెడ పట్టి, ఇసుక దించి, 3.4 కిలోమీటర్ల గొట్టంలో సముద్రంలోకి వదలడం. ఇల్లు ఊడ్చమంటే చెత్తను మంచం కిందికి తోసినట్టు! ఈ తోపుడు పథకానికి 1995లో ప్రపంచ బ్యాంకు అప్పు కూడా ఇచ్చింది. వర్లీ కోలీవాడ జాలరి వలకు ఆ గొట్టం అడ్డమో కాదో అప్పిచ్చినవాడికెందుకు!

ఈ మురుగు పథకం రెండో దశ కథ ఇంకా కమ్మగా ఉంటుంది. ప్రమాణాలు మారాయన్నారు, టెండర్లు రద్దన్నారు, కోర్టన్నారు. ఈలోగా కార్లు సముద్రం గాలి పీలుస్తూ పోవడానికి 13 వేల కోట్లు దాటిన కోస్టల్ రోడ్డు మాత్రం 2018లో మొదలై 2024లో తెరుచుకుంది. మురుగుకు 2022లో గానీ కాంట్రాక్టులు కుదరలేదు. 2023 జనవరి 19న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఏడు ప్లాంట్లు, రోజుకు 246 కోట్ల లీటర్లు, దాదాపు 17,200 కోట్ల ఖర్చు. అంటే ఆనాటి డిపాజిట్లలో అయిదో వంతు కూడా కాదు. మూడేళ్ల వడ్డీకి కాస్త చిల్లర కలిపితే సరి! ఈ పాటి లెక్క మన చాల్‌లో చిట్టీ నడిపే అక్కకు వేళ్ల మీద వస్తుంది.

అడుగుదామంటే 2022 మార్చి నుంచి దాదాపు నాలుగేళ్లు కార్పొరేటర్లే లేరు. 2026 జనవరిలో ఎన్నికలయ్యాయి, ఇప్పుడున్నారు. ఉగాదికి శాలువా కప్పించుకోవడానికి మన సంఘానికి వస్తారు కూడా. కప్పండి, తప్పులేదు. కానీ దానికి ముందు మీ నీళ్ల బిల్లు చేతిలో పెట్టి, వర్లీ కొత్త ప్లాంటు ఏ తేదీన నడుస్తుందో వెనక రాసి సంతకం చెయ్యమనండి.