పేరయ్య ఇంకా వెళ్ళలేదు

పెళ్ళిళ్ళ పేరయ్య పని మూడు ముళ్ళు పడేదాకానే. ఆ తర్వాత కూడా ఆయన కొత్త కాపురంలో మకాం వేసి, "అమ్మాయి మంచినీళ్ళడుగుతోంది, అబ్బాయికి చెప్పమంటారా?" అంటూ కూర్చుంటే ఎవరూ భరించరు. జిగ్బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో మాట్లాడుకునే పరికరాలు పెట్టుకున్న ఇళ్ళలో మాత్రం ఈ ఏర్పాటుకే స్మార్ట్ అని పేరు. స్విచ్ నొక్కితే కబురు హబ్‌కి వెళ్తుంది. కొన్ని హబ్‌లు దాన్ని ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న సర్వర్‌కి నివేదించుకుని, సరేననిపించుకున్నాక, నాలుగడుగుల దూరంలోని బల్బుకి చేరవేస్తాయి. నేననేది ఒక్కటే: పరిచయాలకి హబ్ కావాలి, కాపురానికి అక్కర్లేదు.

పరిచయాల దగ్గర ఆయన్ని తక్కువ చేయలేం. కొత్త బల్బు 11 నుంచి 26 దాకా ఉన్న 16 ఛానెళ్ళలో గాలించి, తలుపు తెరిచున్న నెట్‌వర్క్‌ని పట్టుకుంటుంది. ఆ తలుపు ఒక విడతలో 254 సెకన్లకి మించి తెరిచి ఉండదు. లోపలికొచ్చాక, పుట్టుకతో వచ్చిన 64 బిట్ల చిరునామా ఉండగానే, పిలవడానికి 16 బిట్ల పొట్టి పేరొకటి పెడతారు. నెట్‌వర్క్ రహస్యం కూడా చెబుతారు. దాన్ని భద్రంగా పంపడానికి చాలాకాలం వాడిన తాళంచెవి "జిగ్బీఅలయన్స్09". లోకమంతటికీ తెలిసిన రహస్యమది. ఒక్కో పరికరానికి విడి కోడ్ ఇచ్చే పద్ధతి తర్వాత వచ్చింది. ఇక జాతకాలు. స్విచ్ వెలుగు-ఆరు అనే ఆజ్ఞలు పంపుతుంది, బల్బు వాటిని అందుకుంటుంది. ఇద్దరి జాతకంలోనూ ఆ ఆజ్ఞల కట్ట, అంటే 0006 అనే క్లస్టర్, ఉంది కాబట్టి జోడీ కుదిరింది. ఉష్ణోగ్రత చెప్పడమొక్కటే తెలిసిన సెన్సర్‌కి ఇదే బల్బుని కట్టబెట్టాలంటే ఏ పేరయ్య వల్లా కాదు.

కుదిరిన జోడీకి వేసే ముడి పేరు బైండింగ్. అంటే, ఆ బల్బు చిరునామానీ క్లస్టర్‌నీ స్విచ్ సొంత పట్టికలోనే రాసెయ్యడం. చిక్కేమిటంటే బ్యాటరీ స్విచ్‌లు ఎక్కువసేపు నిద్రలోనే ఉంటాయి, వాటి తరఫున కబుర్లు దాచిపెట్టే రౌటర్ సాధారణంగా ఏడెనిమిది సెకన్లకి మించి ఆగదు. అందుకే బైండింగ్ వేళకి స్విచ్ నొక్కి లేపాలి. అర్ధరాత్రి ముహూర్తాలు చూసినవాళ్ళకి పెళ్ళికొడుకు కునికిపాట్లు కొత్తేమీ కాదు. రాత కుదిరాక స్విచ్ నేరుగా బల్బుతోనే మాట్లాడుతుంది. కరెంటు పోయొచ్చి హబ్ ఇంకా కళ్ళు నులుముకుంటున్నా దీపం వెలుగుతుంది.

"ఆ మాత్రం పాత వైరు చేయలేదా?" అని అడగొచ్చు. చేసింది, నిక్షేపంగా చేసింది. కానీ దాన్ని మంచం పక్కకి జరపాలంటే గోడ పగలగొట్టాలి. "మరి దీపం వెలిగిందని హబ్‌కి తెలిసేదెలా?" బల్బుని హబ్‌కి కూడా బైండ్ చేసి, మార్పు జరిగినప్పుడల్లా కబురు పెట్టమంటే సరి. తెలుసుకోవడం వేరు, మధ్యలో నిలబడడం వేరు. పది దాటాక దీపం మసకగా వెలగాలి లాంటి షరతులు మాత్రం బైండింగ్‌కి పట్టవు. ఆ పెత్తనం హబ్‌దే, కాదనను. నాకు జవాబు దొరకని అభ్యంతరం వేరే ఉంది: చవక బటన్లలో కొన్ని బైండింగ్‌ని ఒప్పుకోనే ఒప్పుకోవు. బల్బు అట్టపెట్టె మీద కోటీ అరవై లక్షల రంగులని అచ్చేస్తారు, బటన్ పెట్టె మీద ఈ ఒక్క ముక్క చెప్పరు.