ఆర్నెల్ల అమెరికా మామ

తిరుపతిలో ఈ మధ్య అపార్ట్‌మెంటుకొక అమెరికా మామ తయారయ్యాడు. రిటైరయ్యుంటాడు. కూతురో కొడుకో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. కాన్పు చూడ్డానికి అత్త బయల్దేరుతుంది, పెట్టెలు మొయ్యడానికి మామ. సందర్శకుల వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆ ఆరు నెలల్లో అమెరికా ఈయన్ని వెంట్రుకంత మార్చలేదు. మార్పంతా తిరిగొచ్చి రేణిగుంటలో దిగినాకే.

పోయేటప్పుడు రాగిపిండి, చింతపండు, చెనిక్కాయల పొడి పెట్టెకు 23 కిలోలు లెక్కగా సర్దారు. పచ్చి కరివేపాకు మాత్రం పనికిరాదన్నారు. నిమ్మ, నారింజ తోటల్ని ఎండబెట్టే తెగులు మోసే పురుగు దాంతో వస్తుందని ఆ దేశం భయం. "ఆకుక్కూడా వీసా అడిగే దేశమేందప్పా!" అన్నాడు మామ.

అక్కడ పొద్దున్నే వాకింగుకు పోతే ఎదురొచ్చినవాడు 'హాయ్' అని నవ్వాడు. ఏ ఊరు, ఏం పని, పిల్లలెంతమంది అని అడగబోయేసరికి వాడు మలుపు తిరిగిపోయాడు. "నిలబడనోడు నవ్వడం దేనికి?" గాంధీరోడ్డులో పుట్టి పెరిగిన మనిషి మరి! తమిళులకూ కన్నడిగులకూ మరాఠీలకూ గోవిందరాజస్వామి గుడికి దారి చెప్పిన నోరది. దారి కూడా ఫోనే చెప్పే ఊళ్లో ఆయనకు ఊపిరాడలేదు. పంచె ఉతికి బాల్కనీలో ఆరేస్తే కాలనీ సంఘం నుంచి ఉత్తరమొచ్చింది. "ఇంత ఎండ పెట్టుకోని మిషన్లో ఆరబెట్టుకోవాల్నా?" అని కూతురి మీద ఎగిరాడు.

చివరికి పార్కులో ఒక బెంచీ పట్టాడు. పీలేరు నాయన, మదనపల్లె నాయన, నెల్లూరు నాయన చేరారు. ఫ్లాస్కులో టీ, నోట్లో ఆంధ్రా రాజకీయం. ఫ్రిస్కోలో మామ సర్దుకున్నదంతా ఆ బెంచీ మేరకే.

ఇక తిరిగొచ్చినాక చూడాలి. ఆటో ఎక్కి సీటు బెల్టు కోసం తడుముకున్నాడు. ఇంటి నుంచి అలిపిరికి రెండు మైళ్లన్నాడు. మే నెల మధ్యాహ్నం "నూటా నాలుగు" అని మూలిగితే అత్త పారాసిటమాల్ తెచ్చింది. ఆయన చెప్పింది ఎండ సంగతి, ఫారెన్‌హీట్‌లో. అక్కడ సంగటి కావాలని కూతురి ప్రాణం తోడిన మనిషికి ఇక్కడ పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ కావాలి. కపిలతీర్థం దగ్గర రోడ్డు దాటడానికి బండ్లు ఆగుతాయని అంచున నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఏదీ ఆగలేదు. ఆగింది ఒక ఆటో. "ఏ ఊరు సామీ, కొండకా?" అన్నాడు డ్రైవరు. పుట్టిన ఊళ్లో!

మీ మెట్ల దగ్గర ఇలాంటి మామ ఎదురైతే నవ్వండి, కాసేపు నిలబడండి కూడా. వాతావరణం గురించి మాత్రం అడక్కండి. రెండు కరెంటు కోతలకు ఈ అమెరికా పిచ్చి కొంత తగ్గుతుందిలే అని ధైర్యం చెప్పుకుందామంటే, కూతురు మళ్లీ రమ్మంటోంది. వీసా పదేళ్లు చెల్లుతుంది. ఇప్పటికి ఒక ఏడే అయింది.